గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు: వైకల్యం ఉన్న పిల్లల్ని పెంచే ఇళ్ల కోసం

మాది విజయనగరం. మా పెద్దబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే కాళ్లూ చేతులూ ఆడించే చోట మెదడుకి దెబ్బ తగలడం. వాడుకలో అందరూ సీపీ అంటారు. వాడికిప్పుడు 13 ఏళ్లు. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం వరండాలో, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు క్యూలో పక్కన కూర్చున్న అమ్మలూ నాన్నలూ ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నలివి. మొదట అందరూ థెరపీ గురించే మొదలుపెడతారు. మీ వాడికి స్ప్లింట్లు (కాళ్లు వంకర పోకుండా కట్టే పట్టీలు) ఎక్కడ చేయించారు, ఎంతయింది అంటారు. అరగంట పోయాక గొంతు తగ్గుతుంది. అప్పుడు అడిగేవి వేరే. వాటికే ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, అమ్మని. వైద్యం సంగతి వచ్చిన చోట డాక్టర్లని అడిగి తెలుసుకున్నదే రాశాను.

"మీ బాబు అందరిలా నడవడు" అని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నాకు ఏమీ తోచడం లేదు. ఇలా ఉండడం మామూలేనా?

మామూలే. మా వాడికి 14 నెలలప్పుడు విశాఖలో ఒక డాక్టర్ ఫైల్లో ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పేశారు. ఆ తర్వాత ఆయన ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టర్ చిల్లర ఇస్తుంటే చెయ్యి చాపలేదట. ఆయన రెండు సార్లు పిలిచారని మా ఆయన తర్వాత చెప్పారు. తగరపువలస దాటేదాకా ఒడిలో ఉన్న పిల్లాడి మొహం చూడలేకపోయాను. పొద్దున్న ఎత్తుకెళ్లిన పిల్లాడు వేరు, ఇప్పుడు తెస్తున్న పిల్లాడు వేరు అనిపించింది. ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెడితే వాడు ఎప్పటిలాగే నా గాజులు పట్టుకుని లాగాడు.

అలాంటి రోజున చెవికి ఏదీ ఎక్కదు. అందుకే ఆ రోజు విన్నదాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పది పదిహేను రోజులాగి, ఇంట్లో ఇంకొకరిని వెంటబెట్టుకుని, అడగాల్సినవి కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లండి. "మొన్న మీరు చెప్పింది బుర్రకెక్కలేదండీ, ఇంకోసారి చెప్పండి" అనడానికి మొహమాటపడకండి. థెరపీ మాత్రం మీ మనసు కుదుటపడేదాకా ఆపొద్దు. ఏడుస్తూ అయినా తీసుకెళ్లొచ్చు. మొదటి మూడు నెలలు నేను అలాగే తీసుకెళ్లాను.

ఈ బాధ ఎన్నాళ్లకి పోతుంది?

పోతుందని నేను చెప్పను. "ఇంకా ఏడుస్తున్నావా, యాక్సెప్ట్ చెయ్యాలి కదా" అని చాలామంది అంటారు. కౌన్సెలింగ్‌కి వెళ్తే కొందరు ఐదు మెట్ల గురించి చెబుతారు. ముందు నమ్మకపోవడం, తర్వాత కోపం, దేవుడితో బేరాలు, దిగులు, చివరికి ఒప్పుకోవడం. ఆ మెట్లు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే డాక్టర్ 1969లో చెప్పినవి. ఆమె కూర్చుని మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. మన పిల్లలు బతికున్నారు. పొద్దున్నే లేచి మనల్ని పిలుస్తున్నారు. ఆ మెట్లు ఎక్కేసి పైన కూర్చోవడం మన ఇళ్లలో జరగదు. సోమవారం ఒప్పుకున్నట్టే ఉంటుంది, గురువారం మళ్లీ కోపం దగ్గర ఉంటాం.

నాకు అతికిన మాట ఇంకొకటి ఉంది. సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన అమెరికాలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కుటుంబాలని దగ్గరగా చూసి 1962లో ఒక వ్యాసం రాశారు. ఈ తల్లిదండ్రుల దుఃఖం బతికున్నంతకాలం వస్తూ పోతూ ఉంటుందనీ, అది రోగం కాదు, సహజమేననీ, దాన్ని వదిలించుకొమ్మని వాళ్లని తొందరపెట్టడం తప్పనీ ఆయన మాట. ఇది తెలిసిన రోజు నాకు చాలా తేలికయింది. నాలో ఏదో లోపం ఉండబట్టే ఇంకా బాధపడుతున్నానని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఇది ఎక్కువగా క్యాలెండర్ చూసుకుని వస్తుంది. చుట్టాల పిల్లాడికి అక్షరాభ్యాసం చేసిన రోజు. జూన్‌లో బడులు తెరిచి వీధిలో పిల్లలందరూ కొత్త బ్యాగులతో వెళ్లే రోజు. వాడి ఈడు పిల్లలకి పంచెల ఫంక్షన్ చేసిన రోజు. మా చెల్లెలి కొడుకు మా వాడికన్నా రెండేళ్లు చిన్న. వాడు మా వీధిలో సైకిల్ నేర్చుకున్న సాయంత్రం గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ పిల్లాడంటే నాకు ప్రాణం. చప్పట్లూ నిజమే, ఏడుపూ నిజమే.

ఇప్పుడు అలాంటి రోజులు వస్తున్నాయని ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజు పని తక్కువ పెట్టుకుంటాను. సాయంత్రం నాలాంటి ఇంకో అమ్మకి ఫోన్ చేస్తాను. మొదట్లో పది రోజులు పట్టేది, ఇప్పుడు ఒక పూటలో సర్దుకుంటోంది. మిగతావన్నీ మామూలు రోజులే. కూర ఏం వండాలి, కరెంటు బిల్లు కట్టామా, వాడి నిక్కరు ఆరిందా అని గడిచిపోయే రోజులు.

గ్రహణం రోజు నేను బయట తిరిగాను. పైగా మాది మేనరికం. తప్పు నాదేనా?

గ్రహణం మాట ముందు తీసేద్దాం. గ్రహణమంటే నీడ. ఆ నీడ కడుపులో బిడ్డని ఏమీ చెయ్యలేదు. మన వాళ్లు గ్రహణం మొర్రి అనే చీలిన పెదవి కూడా గర్భం తొలి రెండు మూడు నెలల్లో పెదవి, అంగిలి సరిగా అతుక్కోకపోవడం వల్ల వచ్చేది. మీరు ఆ రోజు కత్తిపీట పట్టుకున్నారా, పడుకున్నారా అన్నదానితో దానికి సంబంధం లేదు.

మేనరికం సంగతి వేరు, దాన్ని సరిగ్గా తెలుసుకోవాలి. ఒకే కుటుంబం కాబట్టి భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపం పైకి కనపడకుండా దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పుట్టుచెముడులో కొన్ని రకాలు, కొన్ని కండరాల జబ్బులు ఇలా వస్తాయి. కానీ వైకల్యం అన్నదాన్నంతా మేనరికం ఖాతాలో వెయ్యకూడదు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడుంటాయి. 1959లోనే ఈ సంగతి బయటపడింది. దానికి మేనరికంతో పని లేదు. సీపీ ఎక్కువగా నెలలు నిండకుండా పుట్టడం వల్లో, కాన్పు సమయంలో మెదడుకి ఆక్సిజన్ అందకో, పుట్టాక పచ్చకామెర్లు బాగా ముదిరో, ఇన్ఫెక్షన్ వల్లో వస్తుంది. మా వాడు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. మాది మేనరికం కానే కాదు. అయినా అడిగినవాళ్లందరూ మొదట అడిగింది "మీది మేనరికమా" అనే.

ఒకవేళ మీ బిడ్డ విషయంలో కారణం నిజంగా అదే అనుకోండి. ఆ పెళ్లి ఎవరు కుదిర్చారు? అప్పుడు మీకెన్నేళ్లు? పెద్దవాళ్లు పొలం బయటికి పోకూడదనో, పిల్ల కళ్ల ముందే ఉంటుందనో చేశారు. ఏం జరుగుతుందో వాళ్లకీ తెలియదు. ఈ సంగతి రేపు ఇంట్లో మిగతా పిల్లల పెళ్లిళ్లప్పుడు పనికొస్తుంది. రాత్రి పడుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి మాత్రం వాడొద్దు.

అమ్మని అనడం ఊళ్లో వాళ్లే కాదు, పెద్ద చదువులు చదివినవాళ్లూ చేశారు. లియో కానర్ 1943లో ఆటిజం గురించి రాసిన తర్వాత, తల్లుల్లో ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలిలా అవుతున్నారని ఇరవై ఏళ్ల పాటు కొందరు నిపుణులు గట్టిగా చెప్పారు. ఎంతమంది అమ్మలు ఆ మాట మోస్తూ బతికి ఉంటారో! బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు 1964లో అది తప్పని, కారణం మెదడులో ఉందని వాదించారు. ఆయన కొడుక్కీ ఆటిజమే.

మా అత్తగారూ, వచ్చిపోయే చుట్టాలూ అనే మాటలు తట్టుకోలేకపోతున్నాను. ఏం చెయ్యాలి?

"ఏటమ్మా, గుంటడికింకా నడక రానేదా? మా ఊర్లో ఒకాయన ఆకుమందు ఇత్తాడు, ఓపాలి తీసుకెళ్లకపోనావా?" ఈ మాట నేను కనీసం వంద సార్లు విన్నాను. అనేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటారు. వాళ్లకి సమాధానం ముందే తయారుగా పెట్టుకుంటే గుండె దడ తగ్గుతుంది. నేను చెప్పేది ఇది: "పిన్నీ, కాళ్లూ చేతులూ ఆడించే చోట వాడి మెదడుకి దెబ్బ తగిలింది. అందుకే కాళ్లు బిగుసుకుంటాయి. మన మాటలన్నీ వాడికి తెలుస్తాయి, నువ్వే పలకరించు." ఆ చివరి మాట ముఖ్యం. చూపు నా మీద నుంచి వాడి మీదకి వెళ్తుంది. వాడు నవ్వుతాడు. చాలాసార్లు సంభాషణ అక్కడితో మారిపోతుంది.

అత్తగారి విషయం అంత తేలిక కాదు. మా అత్తయ్య మొదటి ఏడాది నా పుట్టింటి వైపే తప్పు వెతికారు. నేనూ మాటకి మాట అన్నాను. మార్పు ఎక్కడొచ్చిందంటే, ఫిజియోథెరపీకి ఒకసారి ఆవిణ్ణే పంపించాం. నాకు జ్వరం కాబట్టి పంపించాం, ప్లానేమీ కాదు. నువ్వుల నూనెతో కాళ్లు ఎలా మెల్లగా చాపాలో, ఎక్కడ గట్టిగా నొక్కకూడదో అక్కడి అమ్మాయి ఆవిడ చేతులు పట్టుకుని చూపించింది. చిన్నపిల్లలకి నూనె రాయడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. అప్పటి నుంచి సాయంత్రం ఆరింటికి ఆ పని ఆవిడదే. చేతిలో పని ఉన్న మనిషి నోటితో తప్పులెంచడం తగ్గిస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ఒక రోజు ఆవిడే, "ఇందులో నీ తప్పేటీ నేదు, నీ ఖర్మేటి సేస్తాం" అన్నారు. క్షమాపణ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు. నాకది చాలు.

ఒకటి మాత్రం సహించొద్దు. నలుగురిలో మీ బిడ్డని కావాలని అవమానిస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ కింద అది నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు పెట్టాల్సిన అవసరం రాకపోవచ్చు. ఆ సంగతి మీకు తెలుసని ఎదుటివాళ్లకి తెలిస్తే కొన్ని నోళ్లు వాటంతటవే మూతపడతాయి.

పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నాను. నేను చెడ్డ తల్లినా?

కాదు. నేనూ చేసుకున్నాను, వాడికి నాలుగేళ్లప్పుడు. చోడి (రాగి) అంబలి పెడుతున్నాను. స్పూన్ నోట్లో పెట్టగానే పళ్లతో గట్టిగా పట్టేశాడు, వదలడు. లాగితే ఇంకా గట్టిగా కరిచాడు. అంబలి నా చీర మీద, నేల మీద. బస్సుకి టైమైపోతోంది. మొండితనం అనుకుని చెంప మీద కొట్టాను. స్పూన్ అలాగే పళ్ల మధ్య ఉంది. కళ్లలోంచి మాత్రం నీళ్లు వచ్చేశాయి.

వారం తర్వాత థెరపిస్టుకి చెప్పుకుంటే ఆమె నన్ను ఏమీ అనలేదు. అది మొండితనం కాదని, నోటికి గట్టి వస్తువు తగలగానే దవడ దానంతటదే బిగుసుకుపోయే గుణం సీపీ పిల్లల్లో ఉంటుందని చెప్పింది. లాగితే ఇంకా బిగుసుకుంటుంది. లాగకుండా ఆగితే కొన్ని క్షణాల్లో వదులవుతుంది. మెత్తటి ప్లాస్టిక్ స్పూన్ వాడాలి. పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసుకుని పెట్టాలి. ఆ రోజు ఇంటికొచ్చి స్పూన్ పెట్టి, వాడు కరిచాక, ఆగాను. ఒకటి, రెండు, మూడు. వదిలేశాడు. నాలుగేళ్లుగా వాడు నాతో పోట్లాడుతున్నాడనుకున్నాను. వాడి వొంటితో వాడూ నాలాగే అవస్థపడుతున్నాడు.

కోపం రావడం వేరు, కొట్టడం వేరు. కోపం వచ్చినప్పుడు పిల్లాణ్ణి పడిపోని చోట భద్రంగా పడుకోబెట్టి ఐదు నిమిషాలు గది బయటికి వెళ్లండి. మొహం కడుక్కోండి. వాడు ఆ ఐదు నిమిషాలు ఏడ్చినా ఏమీ కాదు. తర్వాత వాడి దగ్గరికొచ్చి "అమ్మ తప్పు చేసింది నాన్నా" అని చెప్పండి, వాడికి మాటలు రాకపోయినా సరే. చెయ్యి లేవడం రోజూ జరుగుతుంటే మాత్రం అది మీ అలసట చెబుతున్న మాట, మీకు సాయం కావాలి.

మా ఆయన పని కోసం చెన్నై వెళ్లిపోయారు. ఫోన్లో కూడా బాబు గురించి అడగరు. ఆయనకి పట్టదా?

పట్టకపోవడం కాదేమో, మాట రాకపోవడం కావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లే మగవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరు నెలలకోసారి వచ్చి చూసేసరికి తోటి పిల్లలందరూ ఎదిగిపోయి, తన బిడ్డ ఒక్కడే అక్కడే ఉన్నట్టు కనిపిస్తాడు. రోజూ చూసే మనకి కనపడే చిన్న చిన్న మార్పులు వాళ్లకి తెలియవు. "ఈ వారం మెడ నిలబెట్టాడు" అన్నది మనకి పండగ, ఆయనకి వార్త కూడా కాదు.

మా ఆయన ఊళ్లోనే ఉండేవారు గానీ మొదటి ఏడాదంతా షాపు కట్టేశాక కూడా ఆలస్యంగా వచ్చేవారు. ఈయనకి రాయిలాంటి గుండె అనుకున్నాను. ఒక రాత్రి దాహమై లేచి చూస్తే, పెరట్లో లైటు కింద కూర్చుని పాత బనియన్ ముక్కలు కత్తిరిస్తున్నారు. స్ప్లింటు వేసినప్పుడు వాడి మడమ దగ్గర ఎర్రగా ఒరుసుకుపోతోందని, లోపల తొడగడానికి మెత్తటి సాక్సులా కుడుతున్నారు. సూది పట్టడం సరిగా రాక వేలికి నాలుగు చోట్ల గుచ్చుకుంది. నాతో ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు, పక్కన కూర్చుని దారం ఎక్కించాను.

కాబట్టి "మీకు ప్రేమ లేదు" అనే మాటతో మొదలుపెట్టకండి. ఒక పని అప్పజెప్పండి, ఆయన మాత్రమే చేసే పని. ఎక్సర్‌సైజ్ చేయించేటప్పుడు కాలు చాపి 30 అంకెలు లెక్కపెట్టాలి కదా, ఆ లెక్క వీడియో కాల్‌లో నాన్న పెట్టాలి. చెన్నై నుంచైనా పెట్టొచ్చు. పిల్లాడు నాన్న గొంతు కోసం ఎదురుచూడడం మొదలయ్యాక, ఫోన్ ఆయనే చేస్తారు.

అరసవల్లికి మొక్కుకున్నాం. మొక్కులు మానెయ్యాలా?

ఎందుకు మానెయ్యాలి? మేమూ రథసప్తమికి వెళ్లాం. ఆ రోజు గుడి మెట్ల మీద నా మనసుకి దొరికిన నెమ్మది నిజమైనదే. మొక్కు మీ ధైర్యం కోసం పెట్టుకోండి, థెరపీ వాడి కాళ్ల కోసం ఉంచండి. ఒకదాని కోసం ఇంకోటి ఆపొద్దు. మూర్ఛ మందులు మాత్రం ఎవరు చెప్పినా, ఏ స్వామి చెప్పినా హఠాత్తుగా ఆపకండి, ప్రాణానికే ప్రమాదం.

ఇంకో హెచ్చరిక. మూలకణాల చికిత్స, స్టెమ్ సెల్ థెరపీ పేరుతో సీపీ, ఆటిజం పిల్లల తల్లిదండ్రుల దగ్గర లక్షలు తీసుకునేవాళ్లున్నారు. ఈ రెండింటికీ అది ఆమోదం ఉన్న చికిత్స కాదు. మా పరిచయంలో ఒకరు అరెకరం అమ్మి కట్టారు. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, ఆర్నెల్లు ఆశ పెట్టుకుని కూర్చున్న ఆ అమ్మ తర్వాత పడిన బాధ ఇంకో ఎత్తు.

సదరం సర్టిఫికెట్ తీసుకుంటే మా పాపకి ముద్ర పడిపోతుందని భయంగా ఉంది.

ఆ కాగితం మీద శాతం చూసిన రోజు నాకూ కళ్లు తిరిగాయి. 80 అని రాసి ఉంది. నా బిడ్డలో ఎనభై వంతులు లేవన్నట్టు చదువుకున్నాను. అది మనిషి విలువ కాదు, శరీరం పనితీరులో కొలిచిన లోటు. ఎంత సాయం రావాలో తేల్చడానికి వాడే అంకె.

40 శాతం, ఆపైన ఉంటేనే చాలా హక్కులు వర్తిస్తాయి. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని చెప్పిన ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చిన్నపిల్లలకి కొన్నేళ్లకే ఇచ్చి మళ్లీ పరీక్షకి రమ్మంటారు, కంగారు పడొద్దు. 2024 జులై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. ఆటిజం, సీపీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంటుంది. పింఛను మొదటి నెల తీసుకున్నప్పుడు సిగ్గుగా అనిపించొచ్చు. నేను ఆ డబ్బుతో వాడికి నిలబడే స్టాండ్ కొన్నాను. సిగ్గు ఆ రోజే పోయింది.

బడిలో చేర్చుకోవడం కుదరదన్నారు. మనసు విరిగిపోయింది.

మాకూ ఒక చోట అలాగే అన్నారు. "మిగతా పిల్లల పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారు. 2016 చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరలోని బడిలో గానీ, కావాలంటే ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవడం మీ బిడ్డ హక్కు. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడగండి. బడికి రాలేని పిల్లల ఇంటికే ఐఈఆర్‌టీ అనే, ఈ పిల్లలకి చదువు చెప్పే ప్రత్యేక టీచర్ వస్తారు. మా వాడు ఇప్పుడు ప్రభుత్వ బడిలో ఉన్నాడు. వాడి వీల్‌ఛైర్ తొయ్యడానికి పిల్లలు వంతులేసుకుంటారు.

రెండో బిడ్డని కనాలంటే భయం.

కారణం ఏమిటో తెలుసుకోకుండా భయపడడం, కారణం తెలుసుకోకుండా ధైర్యం చేయడం రెండూ వద్దు. రిపోర్టులన్నీ పట్టుకుని, గర్భం రాకముందే జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల మీద సలహా ఇచ్చే డాక్టర్ని కలవండి. మాకు మళ్లీ వచ్చే అవకాశం తక్కువన్నారు. పాప పుట్టింది. అది పాకేదాకా నేను రోజూ దాని కాళ్లు పట్టుకుని చూస్తూనే ఉన్నాను, అది మాత్రం మీకూ తప్పదు.

మా పాప తమ్ముణ్ణి చూసి కుళ్లుకుంటోంది. ఇంత చిన్న వయసులో ఎలా చెప్పాలి?

అది కుళ్లు కాదమ్మా, ఆకలి. మా పాప ఐదేళ్లప్పుడు అంది, "నేను కూడా నడవడం మానేస్తే నాతో ఆడుకుంటావా?" అని. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున్న గంటసేపు దానిది. పెద్ద చెరువు గట్టు దాకా నేనూ అదీ నడిచి వెళ్తాం. అన్నయ్య మాట అది ఎత్తితే తప్ప నేను ఎత్తను.

అడగకపోయినా పిల్లల మనసులో రెండు భయాలు ఉంటాయి: తమ్ముడికి నా వల్ల వచ్చిందా, నాకూ వస్తుందా. రెండిటికీ కాదని మీరే ముందుగా చెప్పండి. "పెద్దయ్యాక తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలి" అనే మాట మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. చుట్టాలు అంటే అక్కడికక్కడే ఆపండి. చూసుకోవాలని దానికే అనిపించడం వేరు, దాని బతుకు మనం ముందే రాసిపెట్టడం వేరు.

అప్పుడప్పుడూ పిల్లాడితో సహా చచ్చిపోవాలనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పారు, మంచి పని చేశారు. ఈ మాట నాతో అన్న అమ్మలు ఇంకా ఉన్నారు. నాకూ ఒకప్పుడు వచ్చింది. ఈ రోజే, వాయిదా వెయ్యకుండా, ఇంకొక మనిషితో పైకి అనండి. భర్త, అక్క, పక్కింటావిడ, ఆశా కార్యకర్త, ఎవరైనా సరే. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, అర్ధరాత్రి చేసినా తెలుగులో మాట్లాడతారు. ఆలోచన గట్టిగా ఉంటే ఒంటరిగా ఉండకండి. పిల్లాణ్ణి కాసేపు ఇంకొకరికి అప్పజెప్పి, ఎవరినైనా తోడు తీసుకుని ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

రెండు వారాలకి పైగా నిద్ర పట్టక, తిండి సహించక, ఏ పనీ చెయ్యబుద్ధి కాకుండా ఉంటే అది ముందు చెప్పిన వచ్చిపోయే దుఃఖం కాదు. డిప్రెషన్. దానికి మందుంది. నేను ఎనిమిది నెలలు వాడాను. మూడో వారానికి నిద్ర వచ్చింది. "మనం పోతే వీడికీ కష్టం తీరుతుంది" అని లోపల మాట్లాడేది ఆ జబ్బు. నిద్ర పట్టాక ఆ గొంతు వినపడలేదు.

నేను ఒక పూట బయటికి వెళ్తే తప్పా?

తప్పు కాదు. వెళ్లండి. ఎవరికి అప్పజెప్పారో వాళ్లకి అన్నం పెట్టే పద్ధతి, మందుల టైమ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లండి, మధ్యలో ఫోన్లు చెయ్యకండి.

మా తర్వాత ఎవరు చూస్తారు?

ఇది అందరూ చివర్లో, లేవబోతూ అడుగుతారు. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. భయాన్ని చిన్న పనులుగా విడగొట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుందని మాత్రం చెప్పగలను.

మీ బిడ్డకి 18 నిండాక, చట్టం దృష్టిలో మీరు ఆటోమేటిక్‌గా సంరక్షకులుగా కొనసాగరు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆటిజం, సీపీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అక్కడ దరఖాస్తు చేసి సంరక్షకుల్ని నియమించుకోవాలి. మీలో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి మీ తర్వాత కుటుంబ పింఛను వచ్చేలా సర్వీసులో ఉండగానే పేరు నమోదు చేయించండి. ఆస్తి విషయం నోటిమాటగా వదలొద్దు, లాయర్ దగ్గర వీలునామా రాయండి.

డబ్బు కాకుండా ఇంకొకటి రాయాలి. నేను ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏ వైపు తిప్పి పడుకోబెడితే నిద్రపోతాడు, నొప్పి వస్తే ఎలాంటి శబ్దం చేస్తాడు, కళ్లు రెండు సార్లు ఆర్పితే అవునని, పక్కకి చూస్తే వద్దని, పప్పులో ఇంగువ ఉంటే తినడని. 60 పేజీలు దాటింది. మా పాప మొన్న అది తీసి చదివి, నాకు తెలియనివి రెండు రాసింది.

పండగలకి, జనంలోకి తీసుకెళ్లమంటారా?

తీసుకెళ్లండి, వాడికి కుదిరే పద్ధతిలో. మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి పండగకి పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు, అదే సిరిమాను. నాలుగేళ్లు మేము సిరిమానుకి వెళ్లలేదు. "ఆ జనంలో వీడితో ఎక్కడ" అనుకున్నాం. నిజానికి నాకు భయం జనం తోపులాట గురించి కాదు, జనం చూపుల గురించి. ఐదో ఏడు మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్ల డాబా మీదకి మధ్యాహ్నమే ఎక్కించేశాం. డప్పుల చప్పుడుకి ఉలిక్కిపడతాడని చెవులకి దూది పెట్టి రుమాలు కట్టాం. శబ్దం పడని ఆటిజం పిల్లలైతే దూరంగా ఉన్న డాబా చూసుకోండి, అవసరమైతే వెంటనే దిగి వచ్చే దారి ఉండాలి.

సిరిమాను వచ్చింది. పైన చివర్న కూర్చున్న పూజారిని చూసి వాడు మెడ ఎత్తాడు. ఎత్తిన మెడ గుడి నుంచి కోట దాకా మాను వెళ్లేంతసేపు దించలేదు. ఫిజియోథెరపీలో అంతసేపు ఎప్పుడూ నిలబెట్టలేదు. జనం విసిరిన అరటిపండొకటి మా డాబా మీద పడింది. వాళ్ల నాన్న ఒలిచి ముక్క నోట్లో పెట్టారు. స్పూన్ లేదు కదా, కరవలేదు. నమిలి మింగేసి, ఇంకొకటి పడుతుందేమోనని ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాడు.